ప్రభుత్వ టీచర్ని నిజంగా ఎవరూ తీసేయలేరా? ప్రొబేషన్‌లో ఉండగా సంఘంలో చేరొచ్చా?

డీఎస్సీలో (టీచర్ల నియామక పరీక్షలో) ఎంపికై ఈమధ్యే ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచర్‌గా, చేరిన ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "గవర్నమెంట్ టీచర్ని ఎవరూ పీకలేరు, యూనియన్లు వెనకేసుకొస్తాయి, సర్కారు బళ్లు బాగుపడకపోవడానికి కారణం అదే అని అమెరికాలో ఉన్న మా బావ వాదిస్తున్నాడు. నిజమేనా? నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. సభ్యత్వం తీసుకోమని రెండు మూడు సంఘాల వాళ్లు వచ్చి అడుగుతున్నారు. చేరాలా? చేరితే ఏమైనా ఇబ్బందా?"

సూటిగా చెప్తాను. తీసేయొచ్చు, తీసేశారు కూడా. కాకపోతే ఎవరికో కోపం వచ్చిందని పొద్దున అనుకుని సాయంత్రానికి ఆర్డర్ చేతిలో పెట్టడం కుదరదు. ఆరోపణ ఏమిటో రాసివ్వాలి, మన జవాబు తీసుకోవాలి, విచారణలో రుజువు చేయాలి, ఆ తర్వాతే శిక్ష. ఉద్యోగ భద్రత అని మనం గొప్పగా చెప్పుకునేది ఇంతవరకే. అది సంఘాలు ఇచ్చింది కాదు, రాజ్యాంగంలోనే ఉంది. ఆ పద్ధతిని అధికారులు తప్పకుండా చూడటం సంఘం పని. అందుకని సంఘంలో చేరమనే చెప్తాను, ప్రొబేషన్ అడ్డు కాదు. అయితే సంఘం ఉంది కదా అని మీ కాగితాలు మీరు చూసుకోవడం మానకండి.

నేను హైస్కూల్ హెడ్మాస్టర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఉన్నంతకాలం ఒక సంఘంలో మండల స్థాయి నుంచి జిల్లా స్థాయి దాకా పనిచేశాను. ఛార్జి మెమోలకు (అభియోగాలు రాసిచ్చే నోటీసులకు) జవాబులు రాయడం, విచారణల్లో టీచర్ పక్కన సహాయకుడిగా కూర్చోవడం నాకు ఎక్కువగా వచ్చిపడిన పని. కాబట్టి ఆ కోణం నుంచే చెప్తాను.

ముందు చట్టం సంగతి. ఆర్టికల్ 311లో రెండు ముక్కలున్నాయి. ఒకటి, నియమించిన అధికారి కంటే కింది స్థాయి వాళ్లు తొలగించలేరు. ఎస్జీటీకి నియామకాధికారి డీఈఓ, అంటే జిల్లా విద్యాశాఖాధికారి. ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) మీ మీద రిపోర్టు రాయగలరు, తొలగించే అధికారం ఆ సీటుకు లేదు. రెండు, ఆరోపణలు తెలియజేసి, జవాబు చెప్పుకునే తగిన అవకాశం ఇచ్చి, విచారణ జరిపిన తర్వాత తప్ప డిస్మిస్ చేయడం, తొలగించడం, హోదా తగ్గించడం చెల్లవు. క్రిమినల్ కేసులో శిక్ష పడటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఈ రెండు ముక్కల్ని ఆచరణలో పెట్టేవే 1991 సీసీఏ రూల్స్, అంటే ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు. టీచర్‌గా చేరినవాళ్లు బోధన పద్ధతుల పుస్తకాలు ఎన్ని చదివినా ఈ రూల్స్‌లో 8, 9, 20 నంబర్లు చదవరు. మెమో వచ్చిన రాత్రి చదువుతారు.

సస్పెన్షన్ శిక్ష కాదు. ఇది చాలామందికి తెలియదు, పేపర్లో "టీచర్‌పై వేటు" అని రాగానే ఉద్యోగం పోయిందని ఇంట్లో వాళ్లు ఏడుస్తారు. విచారణకు అడ్డు రాకుండా కొంతకాలం విధుల నుంచి పక్కన పెట్టడమే సస్పెన్షన్. ఆ కాలంలో జీవనభృతి ఇవ్వాలి, మొదట్లో అది అర్ధవేతన సెలవు జీతం లెక్కన వస్తుంది. జాప్యం మన వల్ల కాకపోతే తర్వాత పెంచమని అడగొచ్చు. వేరే ఎక్కడా పని చేయడం లేదని నెలనెలా సర్టిఫికెట్ ఇవ్వకపోతే ఆ భృతి కూడా ఆగుతుంది. ఇంకొకటి, 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు, ఛార్జి మెమో ఇవ్వకుండా సస్పెన్షన్‌ని మూడు నెలలకు మించి లాగకూడదని చెప్పింది. ఈ తీర్పు పేరు రాసి ఒక వినతిపత్రం పెడితే కదిలిన ఫైళ్లు నాకు తెలుసు. పోలీసులు అరెస్టు చేసి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే మాత్రం ప్రత్యేకంగా ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు, సస్పెండ్ అయినట్టే లెక్క.

అసలు ఆట ఛార్జి మెమోతో మొదలవుతుంది. అందులో అభియోగాలు, వాటి వివరణ, ఆధారంగా చూపే పత్రాల జాబితా, సాక్షుల జాబితా అని నాలుగు అనుబంధాలుండాలి. జవాబు రాయడానికి సాధారణంగా పది రోజులు ఇస్తారు. ఇక్కడే మనవాళ్లు మునుగుతారు. పేజీన్నర పాటు తన తప్పేమీ లేదని చక్కగా రాసి, చివర్లో "కావున తమరు దయతలచి ఈ ఒక్కసారికి నన్ను క్షమించవలసిందిగా ప్రార్థిస్తున్నాను, ఇకముందు ఇటువంటి పొరపాటు జరగనివ్వను" అని కలుపుతారు. మర్యాద అనుకుంటారు. ఆఫీసులో సెక్షన్ చూసే సీనియర్ అసిస్టెంట్ ఆ చివరి వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి "అంగీకరించారు" అని నోట్ పెడతాడు. ఒప్పుకున్నాక విచారణ దేనికి, నేరుగా శిక్షే. నా దగ్గరకు జవాబు దిద్దమని వచ్చిన ప్రతి కాగితంలోనూ నేను ముందు చూసేది ఆఖరి పేరానే. తప్పు చేయకపోతే "ఈ అభియోగాన్ని నేను అంగీకరించడం లేదు" అని తేటగా, ఒక్కో అభియోగానికి విడివిడిగా రాయండి. మీకు ఇవ్వని పత్రాల నకళ్లు అడగండి.

అలాగే ప్రాథమిక విచారణకు వచ్చిన అధికారి స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టి "ఏం లేదు మాస్టారూ, రెండు ముక్కలు రాసిచ్చేయండి, ఇక్కడితో ముగిద్దాం" అంటే రాయకండి. ఒకరోజు గడువు కావాలని అడగండి. ముగిద్దాం అన్న కాగితమే తర్వాత మూడో అనుబంధంలో మొదటి పత్రంగా కనిపిస్తుంది.

ఇంక్రిమెంట్ కోతను తేలిగ్గా తీసుకోకండి. ఉద్యోగం పోలేదు కదా, ఒక ఇంక్రిమెంటే కదా అని ఊరుకుంటారు. ఆర్డర్‌లో "వితౌట్ క్యుములేటివ్ ఎఫెక్ట్" అని ఉంటే ఆ కాలం వరకే నష్టం. "విత్ క్యుములేటివ్ ఎఫెక్ట్" అని ఉంటే రిటైరయ్యే దాకా ప్రతి నెల జీతంలోనూ ఆ గుంట ఉంటుంది. చేరిన కొత్తలో పడితే ముప్పై ఏళ్లు మోయాలి. అందుకే 1990లో కుల్వంత్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని పెద్ద శిక్షగానే చూడాలని, పూర్తి విచారణ లేకుండా వేయకూడదని చెప్పింది. మెమో, సంజాయిషీ, వెంటనే కోత అని ఆర్డర్ వస్తే అప్పీలు చేసుకోవాల్సిందే. పై అధికారులు తోసిపుచ్చితే కోర్టు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ రద్దయింది కాబట్టి ఇప్పుడు నేరుగా హైకోర్టుకే పోవాలి, ఆ ఖర్చు మామూలు ఎస్జీటీకి భారమే.

ఇక మీ బావ మాట. ఆయన అన్నదాంట్లో కొంత నిజముంది. పనిచేయని టీచర్ ఏళ్ల తరబడి కొనసాగడం నేనూ చూశాను. ఒకాయన బడికి రాకుండా, ఊళ్లో ఇంటర్ పాసైన కుర్రాడికి నెలకింత ఇచ్చి పిల్లల దగ్గర కూర్చోబెట్టేవాడు. ఊరంతా తెలుసు. ఫిర్యాదు వెళ్లింది, సస్పెండ్ చేశారు, ఛార్జి మెమో ఇచ్చారు. ఆ మెమోలో ఉన్నదల్లా "విధుల పట్ల తీవ్ర నిర్లక్ష్యం వహించారు" అన్న ఒక్క వాక్యం. తేదీ లేదు. ఆ కుర్రాడి పేరు లేదు. సాక్షుల జాబితా చోట "లేదు" అని రాశారు. ఊరివాళ్లని ఒక్కరినీ పిలవలేదు. విచారణ నివేదిక నకలు ఆయనకు ఇవ్వలేదు. నివేదిక ఇవ్వాలని 1993లోనే, మన హైదరాబాద్ ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. ఆయన కోర్టుకు వెళ్లాడు, ఆర్డర్ కొట్టేశారు, బకాయిలతో సహా తిరిగొచ్చాడు. ఊళ్లో జనం "యూనియన్ వాళ్లు కాపాడారు" అన్నారు. ఆయన ఏ సంఘంలోనూ లేడు. ఆయన్ని కాపాడింది ఆ మెమో తయారుచేసిన ఆఫీసే. సరిగ్గా నాలుగు పేజీలు రాసి, ముగ్గురు తల్లిదండ్రుల్ని సాక్షులుగా పెట్టి ఉంటే ఆయన ఇంటికి వెళ్లేవాడు. నా అనుభవంలో ఎక్కువ కేసులు ఇలాగే నీరుగారాయి. రూల్స్ బలంగా ఉండటం వల్ల కాదు, వాటి ప్రకారం పని చేసే ఓపిక ఆఫీసుల్లో లేకపోవడం వల్ల.

మరో సంగతి మీ బావకు చెప్పండి. ఆయన ఉండే దేశంలోనూ ఈ గొడవ పాతదే. ఈ ఉద్యోగ భద్రతని అక్కడ టెన్యూర్ అంటారు, న్యూజెర్సీ రాష్ట్రం 1909లోనే చట్టం చేసింది. ఎన్నికల్లో గెలిచినవాళ్లు తమకు నచ్చని టీచర్లను మార్చేయడం ఆపడం దాని ఉద్దేశాల్లో ఒకటి. ఫ్లోరిడాలో 2011 చట్టంతో కొత్తగా చేరేవాళ్లకు దాన్ని తీసేసి ఏడాది కాంట్రాక్టులు పెట్టారు. కాలిఫోర్నియాలో వెర్గారా కేసులో 2014లో కింది కోర్టు అలాంటి రక్షణలు పిల్లల హక్కులకు విరుద్ధమంటే, 2016లో పై కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. రాష్ట్రానికో తీరు అన్నమాట. మనకూ న్యూజెర్సీ చట్టం వెనకున్న ఆ కారణమే ముఖ్యం. గ్రామంలో బలమైన వ్యక్తి కొడుకుని కాపీ కొట్టనివ్వని టీచర్, ఎన్నికల డ్యూటీలో నిక్కచ్చిగా ఉన్న టీచర్, మధ్యాహ్న భోజనం లెక్కల మీద సంతకం పెట్టనన్న టీచర్, వీళ్లకు ఆ రెండు ముక్కల 311 లేకపోతే మర్నాడు బడి ఉండదు.

మరి సంఘాలు చేసేదేమిటి? కేసులు నడపడం చిన్న భాగం. పెద్ద పని మరెక్కడో జరిగింది, అది కొత్తగా చేరినవాళ్లకు కనిపించదు. ఒకప్పుడు బదిలీ అంటే ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం. నచ్చనివాణ్ణి తీసేయక్కర్లేదు, జిల్లా చివర బస్సు పోని ఊరికి పంపితే చాలు. కౌన్సెలింగ్ వచ్చి, ఖాళీలు, పాయింట్లు అందరి ముందూ పెట్టాక ఆ ఆయుధం మొద్దుబారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో బదిలీలకు ఏకంగా చట్టమే చేశారు, ఒకేచోట హెడ్మాస్టర్లకు ఐదేళ్లు, టీచర్లకు ఎనిమిదేళ్లు గరిష్ఠ కాలమని అందులో ఉంది. నన్నడిగితే సంఘాలు సాధించినవాటిలో పీఆర్సీ (వేతన సవరణ) కంటే ఇదే గొప్పది. 1980లలో 398 రూపాయల జీతానికి స్పెషల్ టీచర్లుగా చేరినవాళ్ల సర్వీసును లెక్కలోకి తీసుకోమని దశాబ్దాల పాటు తిరిగింది సంఘాలే. డీఎస్సీలో గెలిచినా అప్రెంటిస్ పేరుతో నామమాత్రపు జీతానికి పనిచేయించిన పద్ధతిని ఎత్తేయించిందీ అలాంటి ఒత్తిడే.

సంఘాల లోపాలూ చెప్పాలి. ఎక్కువైపోయాయి. ఒకే పేరుతో రెండు సంఘాలు ఉంటే రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి గుర్తుపట్టాల్సిన స్థితి, ఏపీటీఎఫ్ అనే టీచర్ల సంఘం పేరు చెప్తే "257నా, 1938నా" అని అడుగుతారు. కొందరు నాయకులు బడిలో కంటే డీఈఓ ఆఫీసు వరండాలో ఎక్కువ కనిపిస్తారు. ఇంకో లోపం ఎస్జీటీలకు నేరుగా తగులుతుంది. శాసనమండలికి టీచర్లు ఎన్నుకునే స్థానాల్లో ఓటు సెకండరీ స్థాయి, ఆపై విద్యాసంస్థల్లో పనిచేసేవాళ్లకే, ఆర్టికల్ 171 అలా ఉంది. ప్రాథమిక పాఠశాల టీచర్‌కు ఆ ఓటు లేదు. ఎమ్మెల్సీ ఎన్నికలు దగ్గరపడ్డాక ఎవరి సమస్యల మీద ఎక్కువ మీటింగులు జరుగుతాయో మీరే గమనించండి.

సంఘం ముట్టుకోకూడని కేసులు కూడా ఉన్నాయి. పిల్లల మీద లైంగిక వేధింపు ఆరోపణ వచ్చి పోక్సో కేసు నమోదైన టీచర్ తరఫున మాట్లాడమని ఒకసారి నన్ను గట్టిగా అడిగారు. విచారణలో చట్టం ఇచ్చిన అవకాశాలు అతనికి ఎలాగూ ఉంటాయి, కోర్టులో లాయరుంటాడు, సంఘం లెటర్‌హెడ్ మాత్రం ఆ ఫైల్లోకి వెళ్లదని చెప్పాను. కొందరు కినుక వహించారు. ఇప్పుడడిగినా అదే చెప్తాను. పిల్లల్ని కొట్టడం విషయంలోనూ కొత్తవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించి, చేస్తే క్రమశిక్షణ చర్య అని నేరుగా రాసింది. "మా రోజుల్లో బెత్తం లేకుండా చదువొచ్చిందా" అనే పెద్దవాళ్లు విచారణ రోజున మీ పక్కన కూర్చోరు.

ఉద్యోగం నిజంగా పోయే దారులు చాలావరకు ఇవి: క్రిమినల్ కేసులో శిక్ష, నకిలీ సర్టిఫికెట్, నిధుల దుర్వినియోగం, పిల్లలపై అఘాయిత్యం, చెప్పకుండా ఏళ్ల తరబడి రాకపోవడం. ఏడాది దాటి అనధికారికంగా గైర్హాజరైతే రాజీనామా చేసినట్టు భావించే నిబంధన ఉంది, సంజాయిషీ అడిగి అమలు చేస్తారు. విదేశాల్లో పిల్లల దగ్గరికి అనుమతి లేకుండా వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లు ఇందులోనే చిక్కుకుంటారు. తొలగింపుకూ డిస్మిస్‌కూ తేడా కూడా తెలుసుకోండి. తొలగిస్తే మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నించే వీలుంటుంది, డిస్మిస్ చేస్తే సాధారణంగా ఆ దారీ మూసుకుంటుంది.

మన ఉద్యోగ భద్రత ఎంత గట్టిదో 2025 సెప్టెంబర్ 1 నాటి సుప్రీంకోర్టు తీర్పుతోనూ తెలిసింది. రిటైర్మెంటుకు ఐదేళ్లకు పైగా ఉన్న పాతవాళ్లు కూడా రెండేళ్లలో టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పాస్ కావాలని అందులో చెప్పారు. ఇరవై ఏళ్ల సర్వీసున్న మాస్టార్లు మళ్లీ చైల్డ్ సైకాలజీ గైడ్లు కొన్నారు. మీరు టెట్ పాసయ్యే వచ్చారు కాబట్టి మీకు ఈ టెన్షన్ లేదు. అలాగే కేజీబీవీల్లో (బాలికల ఆశ్రమ పాఠశాలల్లో), గురుకులాల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు నేను పైన చెప్పినదాంట్లో చాలా భాగం వర్తించదు, గడువు పొడిగించకపోతే అంతే. మీ బావ "ఎవరూ పీకలేరు" అన్నప్పుడు వాళ్లని లెక్కేయలేదు.

ఇప్పుడు మీ సొంత విషయం. ప్రొబేషన్ అంటే మూడేళ్ల నిరంతర సర్వీసులో రెండేళ్లు డ్యూటీలో ఉండి సంతృప్తికరంగా పూర్తిచేయడం. ఈ కాలంలో మీ రక్షణ కొంచెం పల్చన. పనితీరు బాగాలేదని మామూలుగా డిశ్చార్జ్ చేసే వీలుంది. కానీ ఆ మాట చాటున ఏదో తప్పు మోపి శిక్షగా పంపితే, అది విచారణ లేని శిక్షే అవుతుంది. 1974లో షంషేర్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఇదే తేల్చింది. నేను చూసినంతలో మన శాఖలో ప్రొబేషన్‌లో ఇంటికి పంపడం అరుదు. అంతకంటే ఎక్కువగా జరిగేది మరొకటి: రెండేళ్లు పూర్తయినా ప్రొబేషన్ డిక్లరేషన్ ఆర్డర్ రాకపోవడం. సర్వీస్ క్రమబద్ధీకరణ ఆర్డర్, ప్రొబేషన్ డిక్లరేషన్, ఈ రెండూ వేయించుకుని సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీ పడి, సంతకం, తేదీ ఉన్నాయో లేదో మీరే కళ్లారా చూడాలి. పన్నెండేళ్ల సర్వీసుకు ఇచ్చే పై స్కేలు వచ్చేటప్పుడో, ప్రమోషన్ అప్పుడో ఆ పేజీ ఖాళీగా కనపడితే, అప్పటికి మీ ఎంఈఓ మారి ఆయన వెనకాయన కూడా మారి ఉంటారు. జీతం లేని సెలవులు పెడితే ఆ మేరకు ప్రొబేషన్ వెనక్కి జరుగుతుంది, అదీ గుర్తుంచుకోండి.

రోజువారీగా ఒక్క అలవాటు చేసుకోండి. బడి వేళల్లో బయటికి వెళ్తే, స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ల టీచర్ల) మీటింగుకైనా, మండల ఆఫీసులో పుస్తకాలు తేవడానికైనా, మూవ్‌మెంట్ రిజిస్టర్‌లో టైము వేసి రాయండి. ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేయడం వచ్చాక ఇక దాంతో పనేముందని చాలామంది మానేశారు. ఆ యాప్ పొద్దున మీరు వచ్చారని చెప్తుంది, పదకొండున్నరకు తనిఖీకి వచ్చినప్పుడు ఎందుకు లేరో చెప్పదు. ఏకోపాధ్యాయ పాఠశాల అయితే మరీ జాగ్రత్త. మెమో వస్తే అందుకున్న తేదీ వేసి సంతకం పెట్టండి, తీసుకోనని మొండికేయొద్దు. తీసుకోకపోతే గోడకు అంటించి ఫోటో తీసుకుంటారు, పది రోజుల గడువు అప్పటి నుంచే నడుస్తుంది. మీరిచ్చే ప్రతి కాగితానికీ ఆఫీసు ముద్ర వేసిన నకలు ఒకటి మీ దగ్గర ఉండాలి.

ఏ సంఘంలో చేరాలో నేను పేరు చెప్పను. జనవరిలో డైరీ, క్యాలెండర్ ఎవరు బాగా ఇస్తారని చూడకండి. మీ మండలంలో ఈమధ్య మెమో వచ్చిన ఇద్దరు ముగ్గురిని కనుక్కోండి, వాళ్ల వెంట డీఈఓ ఆఫీసుకు ఎవరు వచ్చారో, జవాబు రాయడానికి ఎవరు కూర్చున్నారో అడగండి. రూల్ నంబరు తెలిసిన మనిషి ఉన్న సంఘం ఏదైతే అది. సభ్యత్వం ఉందన్న కారణంతో ప్రొబేషన్ ఆపడం కుదరదు, సంఘం పెట్టుకోవడం ఆర్టికల్ 19 ఇచ్చిన హక్కు.

ధర్నాలకు వెళ్లొచ్చా అన్నది మీరు అడగలేదు గానీ చేరాక తప్పకుండా వచ్చే ప్రశ్న. భోజన విరామంలో నల్లబ్యాడ్జీలు, సాయంత్రం బడి అయ్యాక ప్రదర్శన, సెలవురోజు ధర్నా, వీటితో ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు ఇబ్బంది పడటం నేను చూడలేదు. పనిదినాన సీఎల్ పెట్టి వెళ్లాలంటే అది మంజూరైందని తెలిశాకే బయల్దేరండి, సామూహిక సెలవులు తిరస్కరించమని పైనుంచి ముందే ఆదేశాలు వస్తుంటాయి. సమ్మె సంగతి వేరు. ప్రవర్తన నియమావళి దాన్ని ఒప్పుకోదు. 2003లో తమిళనాడులో సమ్మె చేసిన దాదాపు 1,70,000 మంది ఉద్యోగులు, టీచర్లను అక్కడి ప్రభుత్వం ఒక్క దెబ్బతో తొలగిస్తే, ఆ కేసులోనే సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని తీర్పిచ్చింది. ఎక్కువమందిని క్షమాపణ రాయించుకుని వెనక్కి తీసుకున్నారు. కాబట్టి సమ్మె పిలుపు వస్తే, ప్రొబేషన్ డిక్లరేషన్ మీ సర్వీస్ రిజిస్టర్‌లో పడేదాకా ఆ ఒక్కరోజు మీరు బడిలోనే ఉంటారని మీ మండల నాయకుడికి ముందే చెప్పండి. పాతకాలపు నాయకులెవరూ దీన్ని తప్పుగా అనుకోరు.